అరగని టైరు

ప్రతి సోమవారం పొద్దున ఆరున్నరకు మారిసేలా ఓచోవా మోకాళ్ళ మీద కూర్చుని రెండు మోటారుసైకిళ్ళ టైర్లు పరీక్షిస్తుంది. ఒకటి తనది, రెండోది రూబెన్‌ది. మూడో బండి కూడా ఆ పక్కనే నిలిపి ఉంటుంది కాని, దాని ముందు ఆమె వంగదు. అది ఎలీసియో బెల్ట్రాన్ బండి. టైరును ఎలా చూడాలో ఆమెకు నేర్పింది ఆయనే. నేర్పినవాడి టైరును నేర్చుకున్నవాళ్ళు తడిమి చూడడమనేది తూర్పు లాస్ ఏంజెలెస్‌లో శవయాత్రలకు దారి కాసేవాళ్ళలో ఎక్కడా లేదు. ఈ నియమం ఎవరూ రాసి పెట్టింది కాదు. అయినా మారిసేలా పదకొండేళ్ళుగా పాటిస్తోంది, జట్టు పెత్తనం తన చేతికి వచ్చిన ఈ రెండేళ్ళలోనూ.

శవవాహనం వెనక బారు తీరిన కార్లను చెదరకుండా చర్చి నుంచి సమాధుల తోటకు చేర్చడం వాళ్ళ పని. ఒకరు అందరికంటే ముందుండి నెమ్మదిగా బండి నడుపుతారు. మిగిలిన ఇద్దరూ కూడళ్ళు ఆపుతారు. బండిని రోడ్డుకు అడ్డంగా నిలిపి, చెయ్యెత్తి, చివరి కారు దాటేదాకా అక్కడే ఉంటారు. దాటగానే బారుకు ఎడమవైపు నుంచి వేగంగా ముందుకు దూసుకుపోయి, రాబోయే కూడలిలో గట్టిగా బ్రేకు వేసి మళ్ళీ అడ్డం నిలుస్తారు. పది మైళ్ళ యాత్రలో ఇలాంటి బ్రేకులు ముప్ఫయ్యో నలభయ్యో పడతాయి. మామూలు మనుషుల బండికి పన్నెండు వేల మైళ్ళు వచ్చే టైరు వీళ్ళ కింద ఆరు వేలకే నున్నబడుతుంది. ఎక్కువకాలం మన్నే టైరు కావాలంటే రబ్బరు గట్టిగా ఉండాలి, తడి రోడ్డును పట్టుకోవాలంటే మెత్తగా ఉండాలి. ఈ రెంటి మధ్య ఎక్కడ నిలవాలన్నది వీళ్ళలో ప్రతి ఒక్కరికీ జీవితాంతం తెగని లెక్క.

మారిసేలా ఈ పనిలోకి వచ్చిందే ఒక టైరు వల్ల. అప్పట్లో ఆమె స్కూలు బస్సు నడిపేది. ఒకరోజు కూడలిలో ఎలీసియో ఆమె బస్సుకు అడ్డం నిలిచి చెయ్యెత్తాడు. అరవై కార్లు దాటేదాకా పిల్లలు కిటికీల్లోంచి కేకలు వేస్తున్నా ఆమె ఒక్క అంగుళం కదపలేదు. అంతా అయ్యాక ఆయన బస్సు పక్కకు వచ్చి, ఈ ఊళ్ళో ఇంత ఓపికగా ఆగినవాళ్ళను చూడలేదని, తన చెయ్యి అంత గంభీరంగా ఉందా అని అడిగాడు. చెయ్యి చూసి ఆగలేదని, ఆయన వెనక టైరు చూసి ఆగానని ఆమె చెప్పింది. అంత అరిగిన టైరు మీద ఉన్న మనిషి ఎటు జారతాడో తెలియక కదల్లేదట. ఎలీసియో కిందికి చూసుకున్నాడు. ఆ వారమే టైరు మార్పించాడు. ఆ మరుసటి నెలలో ఆమెను తన జట్టులో చేర్చుకున్నాడు.

ఈ ఏడాది అక్టోబరులో ఎలీసియో బండికి రెండు టైర్లూ కొత్తగా కనిపించాయి. అచ్చులోంచి అప్పుడే తీసినట్టు వాటి మీద సన్నని రబ్బరు వెంట్రుకలు ఉన్నాయి, గాడులు లోతుగా ఉన్నాయి. అరవై ఏడేళ్ళ మనిషి ఎవరూ చెప్పకుండానే తన జాగ్రత్త తాను చూసుకుంటున్నాడని మారిసేలా మనసులో తేలికపడింది. రెండు వారాలు ఎండలో నడిచాక కూడా ఆ వెంట్రుకలు అంచుల్లో అలాగే ఉన్నాయి. అది మంచి లక్షణమనే అనుకుంది.

గురువారం అంత్యక్రియలు కాన్సుయెలో ఆర్విసు అనే కుట్టుపని చేసే ముసలావిడవి. ఆవిడ చేతి కుట్టు వేసుకోని పెళ్ళికూతురు ఆ పేటలో లేదు. అందుకే యాభై రెండు కార్లు వచ్చాయి. ప్రార్థన ముగిసేసరికి మబ్బు పట్టింది. ఏప్రిల్ తరవాత ఆ ఊరి రోడ్ల మీద చినుకు పడలేదు. ఆరు నెలల పాటు కారిన నూనె, అరిగిన రబ్బరు, దుమ్ము అన్నీ కలిసి రోడ్డు మీద పొరలా పేరుకుని ఉంటాయి. మొదటి వాన మొదటి అరగంటలో ఆ పొర పైకి తేలుతుంది. దారి కాసేవాళ్ళు ఏడాది మొత్తంలో భయపడేది ఆ అరగంటకే.

మారిసేలా ఇద్దరితోనూ ఇవాళ బ్రేకు ముందుగానే మొదలుపెట్టాలని చెప్పింది. రూబెన్ తలూపాడు. ఎలీసియో చేతి తొడుగులు వేసుకుంటూ నవ్వాడు.

"నాకు బ్రేకు నేర్పుతున్నావా బాసమ్మా? అది ఎక్కడుంటుందో నీకు చూపించిందే నేను."

"బస్సు బ్రేకనుకుని కాలంతా దించేసిందట కదా మాస్టారూ, మొదటి రోజు," అన్నాడు రూబెన్.

"దించింది. వెనక కూర్చున్న నేనెక్కడో, నా టోపీ ఎక్కడో."

మారిసేలా కూడా నవ్వి ముందుకు వెళ్ళి శవవాహనం ఎదుట తన బండిని నిలిపింది. రేడియో ఆమెకూ రూబెన్‌కూ హెల్మెట్లలోనే ఉంది. ఎలీసియో దాన్ని పెట్టుకోడు. చెవిలో ఎవరో మాట్లాడుతుంటే రోడ్డు మాట వినపడదంటాడు.

మొదటి మైలు పొడిగానే సాగింది. రెండో మైలులో ఆమె చేతి మీద చినుకు పడింది, ఆ వెంటనే హెల్మెట్ అద్దం మీద ఇంకొకటి. పొడి నేల మీద తడి వాసన లేచింది. అప్పుడే ఎడమవైపు నుంచి ఎలీసియో ఆమెను దాటి ముందరి కూడలిలోకి వెళ్ళి బ్రేకు వేశాడు. అతని బండి వెనకభాగం జానెడు పక్కకు జరిగింది. అతను ఎడమకాలు నేలకు ఆనించి బండిని నిలబెట్టి, ఏమీ జరగనట్టు చెయ్యెత్తాడు.

పదకొండేళ్ళలో అతను కాలు ఆనించడం ఆమె చూడలేదు.

కూడలి దాటుతూ మారిసేలా కావాలనే అతను వచ్చిన జాడ మీదుగానే బండి పోనిచ్చి బ్రేకును మెల్లగా తాకి చూసింది. తన టైరు రోడ్డును పట్టుకుంది. అక్కడ మురుగుకాలువ ఇనప మూత గాని, తెల్ల పెయింటు గాని, నూనె మరక గాని లేవు. ఇద్దరి బండ్లూ ఒకే రకం, ఒకే బరువు. రోడ్డుది తప్పు కానప్పుడు, ఆ చేతులది తప్పు కానప్పుడు, మిగిలేది ఒక్కటే. కాని ఆ టైర్లు కొత్తవి. ఈ రెండు నిజాలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. పొసగేదాకా ఆలోచించే వ్యవధి లేదు. ముందు ఇరవై నాలుగు కూడళ్ళు ఉన్నాయి, వాటిలో సగం ఎలీసియో వంతు, ప్రతి దాంట్లోనూ అతను అదే బ్రేకు వెయ్యాలి.

యాత్రను ఆపడానికి వీల్లేదు. అతన్ని పక్కకు తప్పిస్తే ఇద్దరే మిగులుతారు. యాభై రెండు కార్లకు ఇద్దరు చాలరు, ఏదో ఒక కూడలి తెరిచి ఉండిపోతుంది, ఏడుస్తూ నడుపుతున్న ఎవరో ఒకరు ఎర్ర దీపం చూసుకోకుండా అందులోకి పోతారు. అలాంటప్పుడు ఆమెకు తోచిన దారి ఒకటే. శవవాహనం ముందు నెమ్మదిగా బండి నడిపేవాడికి గట్టి బ్రేకుతో పనుండదు. ఆ చోటు అతనికి ఇచ్చి, అతని కూడళ్ళు తాను తీసుకోవాలి.

అతను మళ్ళీ ముందుకు వస్తున్నప్పుడు ఆమె చేత్తో సైగ చేసింది. అతను పక్కకు వచ్చి హెల్మెట్ అద్దం పైకెత్తాడు. వాన అప్పటికి సన్నగా, ఎడతెగకుండా పడుతోంది.

"మీరు ముందుండండి మాస్టారూ. కూడళ్ళు నేను చూస్తా."

"ఎందుకు?"

"తరవాత చెప్తా."

"నేను జారానని చూశావా?"

"చూశా."

అతను అద్దం దించుకుని శవవాహనం ముందుకు వెళ్ళాడు. ఆ చోటు ఎప్పుడూ జట్టు పెద్దది. రెండేళ్ళ కింద తానే లేచి ఆమెకు అప్పగించిన చోటు. ఇప్పుడు తిరిగి అక్కడ కూర్చోబెట్టడం మర్యాదా, అవమానమా అన్నది అతని వీపును బట్టి మారిసేలాకు అర్థం కాలేదు.

ఆ తరవాతి నాలుగు మైళ్ళూ ఆమె, రూబెన్ ఊపిరి సలపకుండా నడిపారు. ఒక కూడలిలో చివరి కారు తోక కనపడగానే బయల్దేరి, యాభై కార్లను దాటుకుంటూ పోయి, ఎక్కడ పెయింటు గీతలు ఉన్నాయో, ఎక్కడ ఇనప పలకలు ఉన్నాయో ముందే వెతుక్కుంటూ మళ్ళీ అడ్డం నిలవడం. రూబెన్ రేడియోలో తన వెనక టైరు కూడా చివరికి వచ్చిందని, తడిలో తేలుతున్నట్టుందని అన్నాడు. సోమవారం ఆమే చూసింది. ఇంకో వారం నడుస్తుందని చెప్పింది ఎండను దృష్టిలో పెట్టుకుని. నెమ్మదిగా రమ్మని చెప్పింది. నెమ్మదిగా వస్తే కూడలికి ఆలస్యమవుతుందని ఇద్దరికీ తెలుసు.

అలాగే అయింది. సమాధుల తోటకు కొండ ఎక్కే రోడ్డుకు ముందు వచ్చే పెద్ద కూడలికి మారిసేలా ఇంకా ఇరవై కార్ల వెనక ఉండగానే శవవాహనం దగ్గరపడింది. దీపం ఎర్రగా మారింది. కుడివైపు వాలు మీద నుంచి కంకర లారీ ఒకటి దిగుతోంది, ఆగే వేగంలో లేదు. అడ్డం ఎవరూ లేరు. ఎలీసియో చెయ్యవలసిందల్లా తాను ఆగి, వెనక శవవాహనాన్ని ఆపడం. బారు తెగేది, అంతే. ఆగండి, ఆగండి అని ఆమె హెల్మెట్‌లో తనకే వినపడేట్టు అంటూనే ఉంది.

శవవాహనం ఆగదేమోనని అతను అనుకున్నాడు. తడిలో అంత బరువు బండి ఆగుతుందో లేదో ఎవరికి తెలుసు? అతను గేరు తగ్గించి కూడలి మధ్యకు దూకినట్టు వెళ్ళి, నలభై ఏళ్ళుగా చేసినట్టే బండిని అడ్డం తిప్పి బ్రేకు వేశాడు.

టైరు పట్టుకోలేదు. బండి పక్కకు ఒరిగి, నిప్పురవ్వలు కూడా లేకుండా, సబ్బు మీద జారినట్టు నిశ్శబ్దంగా జారుకుంటూ తెల్ల గీతల మీదుగా పోయి డివైడరుకు తగిలి ఆగింది. ఎలీసియో దానికంటే ముందే విడిపడి దొర్లాడు. లారీ కీచుమంటూ అతనికి రెండు బారల దూరంలో ఆగింది.

అతను లేచాడు. కుడిచెయ్యి భుజం నుంచి వేలాడుతోంది. ఎడమచెయ్యి ఎత్తి, అరచెయ్యి లారీకి చూపించి, కూడలి నడిమధ్యన నిలబడ్డాడు. మెడ తిప్పి శవవాహనాన్ని రమ్మన్నట్టు గడ్డం ఊపాడు.

ఒక మనిషి పడిపోయినా లేచి నిలబడితే మిగతావాళ్ళు ఆగరు. ఆ నియమం కూడా ఎలీసియో నేర్పిందే. మారిసేలా అతని పక్కగా వెళ్తూ వేగం తగ్గించింది. అతని ముఖం బూడిదరంగులో ఉంది. "పో," అన్నాడు, పెదవుల కదలిక మాత్రమే కనపడింది. ఆమె శవవాహనం ముందుకు వెళ్ళింది. ఆ క్షణంలో వెళ్ళిపోవడం ఎంత కష్టమైందో ఆమె ఎవరితోనూ తరవాత వివరంగా చెప్పలేదు. బండి పక్క అద్దంలో అతని చెయ్యి చిన్నదవుతూ, వానలో కలిసిపోయేదాకా చూసిందని మాత్రం చెప్పింది.

"మాస్టారు నిలబడే ఉన్నారా?" రేడియోలో రూబెన్.

"నిలబడే ఉన్నారు. ఆగకు."

కొండమీద కార్లన్నీ గేటు లోపలికి వెళ్ళాక ఆమె చనిపోయినావిడ పెద్దకొడుకుకు జరిగింది క్లుప్తంగా చెప్పి సెలవు తీసుకుంది. రూబెన్‌కు ఒంటిగంటకు ఊరికి ఆ చివర ఇంకో అంత్యక్రియ ఉంది. తాను చూసింది చూశాక అరిగిన టైరుతో ఆ పనికి వెళ్ళలేనని, దారిలో షాపులో మార్పించుకుంటానని చెప్పి వెళ్ళిపోయాడు. మంచిదే అంది ఆమె, బండి తిప్పుకుంటూ.

ఆమె తిరిగి వచ్చేసరికి ఎలీసియో బస్‌స్టాపు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. లారీ డ్రైవరు తన జాకెట్ అతని మీద కప్పి, అంబులెన్సుకు ఫోను చేసి, దానికోసం రోడ్డు చివర చూస్తున్నాడు. బండిని ఇద్దరు ముగ్గురు కలిసి పేవ్‌మెంటు పక్కకు లాగారు, అది ఇంకా పక్కకు పడే ఉంది.

"యాభై రెండూ దాటాయి," అన్నాడు ఎలీసియో. "లెక్కపెట్టా."

"ఎక్కడ నొప్పి?"

"భుజం. ఎముకే విరిగుంటుంది. రోడ్డు బాలేదు మారిసేలా, అసలు బాలేదు. నా టైరుదేం లేదు. చూడు, గాడి ఎంత లోతుందో. నాణెం పెడితే సగం మునుగుతుంది."

ఆమె బండి దగ్గరికి వెళ్ళి వంగింది. పదకొండేళ్ళలో మొదటిసారి. లోతు నిజమే. ఆమె బొటనవేలి గోరుతో రబ్బరు నొక్కింది. గోరు దిగలేదు, వంగింది. గాడుల అడుగున జుట్టంత సన్నని పగుళ్ళు ఉన్నాయి. బండి పక్కకు పడి ఉండడంతో టైరు పక్కభాగం పైకి తిరిగి ఉంది. తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెప్పే నాలుగు అంకెలు అక్కడ వాన నీళ్ళలో మెరుస్తున్నాయి. ఆమె రెండుసార్లు చదివి, వచ్చి అతని పక్కన కూర్చుంది.

"ఇవి ఏడేళ్ళ కిందటివి మాస్టారూ."

"అవును. కంపెనీవాళ్ళు ఈ రకం ఆపేస్తున్నారని తెలిసి మూడు జతలు కొన్నా. ఎండకీ వానకీ దీనంత టైరు మళ్ళీ రాలేదు. ఎనిమిది వేల మైళ్ళు నడిచేది, తడిలో పాదం పెట్టినట్టు నిలిచేది. నీకు తెలుసు, నువ్వు మొదటి రెండేళ్ళు దీనిమీదే నేర్చుకున్నావు."

"ఇన్నేళ్ళు ఎక్కడున్నాయి?"

"గ్యారేజీలో, అటక మీద. దుప్పట్లో చుట్టి పెట్టా. రోడ్డు ముట్టుకోలేదు, ఎండ తగల్లేదు. కొత్తవే కదా?"

"అటక కింద నీళ్ళ హీటరు ఉంది. ఏడేళ్ళూ దాని వేడి తగిలింది."

అతను పడి ఉన్న బండి వైపు చూశాడు.

"గాడి ఉంది మాస్టారూ," అంది ఆమె. "రబ్బరే లేదు. ఎండి చెక్కయిపోయింది. రెండు వారాలు నడిచినా దాని వెంట్రుక అరగలేదు. రోడ్డును పట్టుకుంటే కదా అరిగేది? అది నా కంటికి కనపడింది. మంచి టైరనుకున్నా. సోమవారం మీ బండి దగ్గర ఒక్కసారి వంగి ఉంటే తెలిసేది. వంగలేదు. మీరేమనుకుంటారోనని."

"వంగితే ఒప్పుకునేవాణ్ణి కాదు."

"తెలుసు. అయినా చూడాల్సింది. ఇంకో మాట చెప్పాలి. ఇక కూడళ్ళు ఆపే పనికి మిమ్మల్ని పంపను."

"ఈ టైరు మార్చేస్తే?"

"మార్చినా పంపను. ఇవాళ మీరు ఆగి ఉండాల్సింది. శవవాహనం ఆగేది. మీకు ఆగడం రాలేదు."

అతను లారీ వైపు తల తిప్పుకున్నాడు. కోపం తెచ్చుకోబోయి ఓపిక లేక వదిలేసినట్టు ఆమెకు అనిపించింది. దూరంగా అంబులెన్సు మోత వినపడింది. లారీ డ్రైవరు చేతులూపాడు.

"రూబెన్ ఏడీ?" అని అడిగాడు ఎలీసియో, మాట మార్చడానికన్నట్టు.

టైరు మార్పించుకోవడానికి వెళ్ళాడని ఆమె చెప్పింది. వానకు భయపడ్డాడని, ఒంటిగంటలోగా కొత్తది వేయించుకుని తరవాతి పనికి పోతానన్నాడని.

ఎలీసియో ఆమె వైపు తిరిగాడు. భుజం కదిలి ముఖం మెలి తిరిగింది. అయినా తిరిగాడు.

"ఏ షాపులో?"

"తెలీదు. ఎందుకు?"

"ఒక జత వాడికిచ్చా. ఆదివారం. నీకు చెప్పొద్దన్నా. పుట్టినరోజు కదా, ఎక్కడా దొరకని టైరు దాచుకోరా అని ఇచ్చా. ఎప్పుడూ వెళ్ళే షాపులోనే దాచి పెట్టాడు."

మారిసేలా రేడియో నొక్కింది. అంత దూరానికి అది అందలేదు. ఫోను తీసి రూబెన్‌కు చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. షాపులో గాలి యంత్రాల మోతలో వినపడదు. ఒంటిగంటకు ఇంకా యాభై నిమిషాలు. మధ్యలో ఫ్రీవే ఉంది, వాన ఉంది. అంబులెన్సు వచ్చి ఆగింది. ఇద్దరు మనుషులు దిగి ఎలీసియో దగ్గరికి వచ్చారు. ఒకరు అతని చొక్కా కత్తిరించడం మొదలుపెట్టారు, ఇంకొకరు పేరు, వయసు అడుగుతున్నారు. అతను మంచి చెయ్యి చాపి మారిసేలా ఫోను ఇమ్మన్నాడు.

మూడోసారి, నాలుగోసారి మోగింది. అయిదోసారి రూబెన్ ఎత్తాడు. అవతల ఏదో యంత్రం తిరిగి ఆగిన చప్పుడు ఆమెకు కూడా వినపడింది.

"రూబెన్, ఎక్కించేశారా?" అన్నాడు ఎలీసియో. "వెనకది ఎక్కించేశారా? తీసెయ్యమను. ఇప్పుడే తీసెయ్యమను. షాపులో ఉన్నది ఏదో ఒకటి వేయించుకో, ఏదైనా సరే."

రూబెన్ ఏదో అడిగాడు.

"అవి చచ్చిన టైర్లు రా. నాకు తెలియక ఇచ్చా." స్ట్రెచర్ పక్కకు వచ్చి ఆగింది. అంబులెన్సు మనిషి ఫోను ఇచ్చెయ్యమని మెల్లగా చెప్పాడు. ఎలీసియో తల అడ్డంగా ఊపాడు. "లేదు, మారిసేలా చెప్పించట్లేదు. నేనే చెప్తున్నా. నా ఎముక విరిగింది వాటి వల్లే. వింటున్నావా?"

వింటున్నానన్న జవాబు వచ్చేదాకా, ఆ తరవాత వెనక టైరు విప్పుతున్న శబ్దం మొదలయ్యేదాకా, అతను ఫోను చెవి నుంచి తియ్యలేదు.